శని అమావాస్య నాటి మంచుముద్ద

ఫ్లెక్సీ పడనంత వరకు ఈ విశ్వంలో ఏదీ ఉన్నట్టు లెక్కకాదు! భౌతికశాస్త్రం ఈ నియమాన్ని ఇంకా ఒప్పుకోలేదు గాని, మా ఇబ్రహీంపట్నం ఎప్పుడో ఒప్పుకుంది. చౌరస్తాలో పుట్టినరోజు ఫ్లెక్సీ పడితేనే ఇక్కడ మనిషి పుట్టినట్టు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పడితేనే పోయినట్టు. మధ్యలో బతికాడనడానికి రుజువు కావాలంటే పండగ శుభాకాంక్షల ఫ్లెక్సీలు ఉండనే ఉన్నాయి.

కాబట్టి, సూర్యుడికి ఏడు వందల కోట్ల కిలోమీటర్ల దూరంలో, మనిషి పుట్టకముందు నుంచీ తన దారిన తాను తిరుగుతున్న ఒక మంచుముద్ద, పోయిన బతుకమ్మ రోజుల్లో, సాగర్ రోడ్డు మీద, నలభై అడుగుల ఫ్లెక్సీ రూపంలో అధికారికంగా ఉనికిలోకి వచ్చింది.

ఆ ఫ్లెక్సీ మీద మాటలు రాసింది నేనే. నా పేరు రమాకాంత్. మాది భీమవరం వైపు. పదిహేనేళ్లుగా నాదర్‌గుల్‌లో కాపురం. శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను. కాలేజీ పేరు చెప్పను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను మరి! పిల్లలకు కమ్యూనికేషన్ స్కిల్స్ పాఠం చెబుతాను. మిగతా వేళల్లో పౌరసంబంధాల అధికారిని. అంటే చైర్మన్ గారు మాట్లాడవలసింది ముందుగా రాసిపెడతాను, మాట్లాడకూడనిది మాట్లాడేశాక సర్దిపెడతాను.

ఇక అసలు సంగతి. ఆ మంచుముద్దను కనుక్కున్నది కరుణ. ఈ వాక్యం ఇంత చిన్నగా ఉందేమిటని ఆశ్చర్యపోకండి. మా కాలేజీలో దీన్ని రాయడానికి రెండు నెలలు పట్టింది.

కరుణ మా కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్నే అరవై కంప్యూటర్లు ఆన్ చేయడం, సాయంత్రం అరవయ్యీ ఆపడం, మధ్యలో ఏదో ఒకటి పనిచేయడం లేదని అరిచే పిల్లల దగ్గరికి పరుగెత్తడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఏటా జూన్‌లో ఆ కాంట్రాక్టు మళ్లీ పుడుతుంది. భోజనం గంటలో పది నిమిషాల్లో టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, మిగిలిన యాభై నిమిషాలూ ఆకాశం ఫోటోలు చూసేది. ఎక్కడో చిలీ దేశంలో కొండ మీద ఉన్న పెద్ద దుర్బిణి తీసిన ఫోటోలవి. ఎవరైనా చూడవచ్చునట. ఒకే ఆకాశపు ముక్కను వేర్వేరు రోజుల్లో తీస్తారు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క జరిగిందంటే అది మన సూర్యుడి ఇంటి మనిషి. ఎంత నెమ్మదిగా జరిగితే అంత దూరపు చుట్టం.

“ఎందుకమ్మా ఇదంతా?” అని ఒకసారి అడిగాను.

“ఉరికేటివాటిని అందరు చూస్తున్నరు సార్. నిమ్మలంగ నడిచేదాన్ని ఎవ్వరు పట్టించుకుంటలేరు” అంది.

ఒకరోజు నన్ను ల్యాబ్‌లోకి పిలిచింది. స్క్రీన్ మీద మూడు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయి. “జర మధ్యల చూడుండ్రి సార్” అంది. చూశాను. సన్నటి దుమ్ము రేణువు కనిపించింది. నేను శుభ్రత పాటించే మనిషిని. జేబురుమాలు తీసి స్క్రీన్ తుడిచాను.

“దుమ్ము కాదు సార్, గదే!” అంది కరుణ.

ఆ రేణువు అడ్డం సుమారు నూట ఎనభై కిలోమీటర్లట. ఇబ్రహీంపట్నంలో ఒక కొస పెడితే రెండో కొస ఖమ్మంలో తేలుతుంది. పైనుంచి కింది దాకా మంచు. చలి సున్నాకు దిగువన రెండు వందల ముప్ఫై డిగ్రీలు. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి మూడు వందల ఇరవై ఏళ్లు పడుతుంది. ఇవన్నీ ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పింది. తొమ్మిదేళ్లలో ఆమె అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

“రిపోర్టు తయారు చేసిన సార్. ఏ దినం, ఏ టైంల, ఎక్కడ ఉన్నదో మూడు లైన్లు. చిన్న గ్రహాల లెక్క రాసుకునే అంతర్జాతీయ కేంద్రం ఉన్నది, గక్కడికి పంపాలె. వాళ్లు ఇంకో దుర్బిణి పెట్టి చూస్తరు. కనిపిస్తే అయిపాయె, మనదే. జల్ది పంపాలె సార్, ఆలస్యమైతే మళ్ల దొరుకుడు కష్టం.”

పంపేసి ఉంటే ఈ కథే లేదు. కాని కరుణ పద్ధతి గల మనిషి. ప్రిన్సిపాల్ గారికి ఒక మాట చెప్పి పంపుదామనుకుంది.

మా ప్రిన్సిపాల్ డాక్టర్ సుబ్బరాజు గారు రిపోర్టును అటూ ఇటూ తిప్పి చూశారు. “చాలా మంచి విషయం అండి. కాని కాలేజీ నుంచి బయటికి వెళ్లే ఏ కాగితమైనా త్రూ ప్రాపర్ ఛానెల్ వెళ్లాలి కదండి” అన్నారు.

మూడు లైన్ల రిపోర్టుకు ఫైలు పుట్టింది. ఫైలుకు నంబరు వచ్చింది. అది విభాగాధిపతి దగ్గరికి వెళ్లింది, డీన్ దగ్గరికి వెళ్లింది, ఆ డీన్ పని చూసే ఇంకో డీన్ దగ్గరికి వెళ్లింది. చూసిన ప్రతివారూ సంతకం పెట్టారు. సంతకం పెట్టిన ప్రతివారూ, పెట్టాం కదా అని, ‘కనుగొన్నవారు’ అన్న చోట పేరు కూడా రాసుకున్నారు. ఫైలు చైర్మన్ గారి బల్ల చేరేసరికి పదకొండు పేర్లయ్యాయి. పదకొండోది నాది, ఇంగ్లీషు సరిచూసినందుకు! చైర్మన్ గారు, కార్యదర్శి హోదాలో వారి శ్రీమతి గారు కలిశాక పదమూడు. కరుణ పేరు అన్యాయంగా వదిలేశామని మీరు అనుకోకూడదు. అడుగున ‘సాంకేతిక సహకారం: ల్యాబ్ సిబ్బంది’ అని ఉంది. ఆ సిబ్బంది ఆమే.

చైర్మన్ మహిధర్ గారు ఇక్కడి పాత భూస్వాముల ఇంటివారు. కాలేజీ ఉంది, వెంచర్లున్నాయి, వచ్చే ఎన్నికల్లో టికెట్ మీద మనసుంది. ఫైలు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “గిది ఏ ఫేసింగయ్యా?”

ప్రిన్సిపాల్ గారు తడబడ్డారు. “తిరుగుతూ ఉంటుంది కదండి... అన్ని ఫేసింగులూ ఉంటాయండి.”

“అంటే ఈస్ట్ కూడ ఉన్నట్టే గదా. బ్రోచర్ల పెట్టుండ్రి.” రెండో ప్రశ్న: “పేరు? మహిధర్ గ్రహం అంటే ఎట్లుంటది?”

పేర్ల నియమాలు ఎవరికి తెలుసు? కరుణను పిలిపించారు. ఆమె వచ్చి నిలబడింది. గదిలో ఖాళీ కుర్చీలు నాలుగున్నాయి, అయినా నిలబడింది.

“పేరు ఇప్పుడే పెట్టరు సార్. ముందు నంబరు ఇస్తరు. కక్ష్య పక్కాగ తేలడానికి ఏండ్లు పడతయి. గప్పుడు కనుక్కున్నోళ్లను పేరు అడుగుతరు. రాజకీయాలల్ల ఉన్నోళ్ల పేర్లు అయితే మాత్రం...” అని ఆగింది.

“చెప్పు బిడ్డా, ఫికర్ లేదు.”

“వాళ్లు చచ్చిపోయి నూరేండ్లు అయితేనే పెడతరట సార్.”

ప్రిన్సిపాల్ గారే ముందు తేరుకున్నారు. “మన సార్ రాజకీయ నాయకులు కారండి, ప్రజాసేవకులు!”

“ఓ సుబ్బరాజు గారూ, జర ఆగుండ్రి” అన్నారు చైర్మన్ గారు బాధగా. “నేను రాజకీయాల లేనని మీరు కాయితం మీద రాస్తే నాకు టికెట్టు ఎవడిస్తడు? ఉన్నానంటే గ్రహం పాయె, లేనంటే టికెట్టు పాయె! పేరు సంగతి తర్వాత చూద్దాం. ఇంతకు గిది ఫోటోల పడ్డది ఎన్నడు?”

“మొదలు పడ్డది ఆగస్టు ఇరవై మూడు సార్. శనివారం. మన టైం పొద్దుగాల తొమ్మిది పది.”

చైర్మన్ గారు గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగారు. ముఖం మెల్లగా నల్లబడింది.

“పొలాల అమావాస్య! శనివారం! తొమ్మిది పది అంటే రాహుకాలం! ఈ మూడు కలిసినంక గిది గ్రహమా, గండమా?”

“అమావాస్యకే మస్తు చీకటుంటది సార్. దుర్బిణి వాళ్లు గా దినం కోసమే చూస్తరు” అంది కరుణ. ఆమెను ల్యాబ్‌కు వెళ్లమన్నారు.

సిద్ధాంతి గారికి ఫోన్ వెళ్లింది. ఆయన మిగతా రెండు తేదీలూ విని పొంగిపోయారు. రెండో ఫోటో సరిగ్గా వినాయక చవితి నాడు, మూడోది ఏకాదశి నాడు! చిక్కల్లా మొదటిదానితోనే. గంటలో వారి చీటీ వాట్సాప్‌లో వచ్చింది: ‘ఆగస్టు ఇరవై ఐదు, సోమవారం, విదియ, ఉదయం పది పదిహేను. దివ్యంగా ఉన్నది.’

“రమాకాంత్ గారూ, పెద్ద పనేం లేదండి” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “ఇరవై మూడులో మూడును ఐదు చేయండి. టైం కాస్త సవరించండి. అంత దూరంలో ఉన్నదానికి రెండు రోజులు ఒక లెక్కా అండి?”

నేను తీవ్రంగా అభ్యంతరం చెప్పాను. మనసులో. తర్వాత మూడును ఐదు చేశాను. పద్ధతి ప్రకారం సిద్ధాంతి గారి చీటీని ప్రింటు తీసి, దాని మీద ‘సవరణ ఆమోదించడమైనది’ అని ప్రిన్సిపాల్ గారి సంతకం, పక్కన చైర్మన్ గారి ఆకుపచ్చ ఇంకు సంతకం తీసుకుని, జతపరిచిన పత్రం నంబరు నాలుగుగా ఫైల్లో పెట్టాను. కాగితం దేన్నీ పారేయకూడదని నా పాలసీ.

ఇక ఫ్లెక్సీ! ఇబ్రహీంపట్నంలో కొండల్ షాపు తెలియనివారు లేరు. కరుణ ఫోటోలోని చుక్కను పట్టుకెళ్లి ఇచ్చాను. కొండల్ దాన్ని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు.

“అన్నా, గీ చుక్క ఏస్తే ప్రింటింగ్ ఖరాబైందని నన్నే తిడతరు. మంచిగ రింగులున్నది ఒకటి ఏస్తా” అని శనిగ్రహం బొమ్మ దింపాడు. శని వద్దనుకుని తేదీ మార్చినవాళ్లకు నడి మధ్యలో శని వచ్చి కూర్చున్నాడు, ఎవరూ గుర్తుపట్టలేదు. రింగు మధ్య చేతులు జోడించిన చైర్మన్ గారు. చుట్టూ పన్నెండు గుండ్రాల్లో మేము పన్నెండుగురం. పైన నా కవిత్వం: ‘విశ్వవీధుల్లో శేరిగూడ కీర్తి!’

“కనుక్కున్నది ఎవరో ఆడామె అంటున్నరు, ఆమె ఫోటో ఏదన్నా?” అన్నాడు కొండల్.

“జాగా లేదయ్యా” అన్నాను. నలభై అడుగుల ఫ్లెక్సీ ముందు నిలబడి ఆ మాట అన్నాను.

సన్మానసభ ఘనంగా జరిగింది. వేదిక మీద పదమూడు కుర్చీలు, పదమూడు శాలువాలు. పద్నాలుగో శాలువా సిద్ధాంతి గారికి. కరుణ ప్రొజెక్టర్ దగ్గర నిలబడి స్లయిడ్లు మారుస్తూ ఉంది. చైర్మన్ గారు మైకులో, “రాత్రనక పగలనక ఆకాశం దిక్కు చూసినం” అన్నారు. పిల్లలు ఈలలు వేశారు. సభ అయ్యాక కరుణ వైర్లు చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“రిపోర్టు పంపిండ్రా సార్?”

“పంపేశామమ్మా.”

“నేను రాసింది రాసినట్టేనా?”

“దాదాపు” అన్నాను. తెలుగులో ఇంత సౌకర్యమైన మాట ఇంకొకటి లేదు.

మూడు వారాల తర్వాత అంతర్జాతీయ కేంద్రం నుంచి ఈమెయిల్ వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో, చైర్మన్ గారి ఎదుట, నేనే చదివి తెలుగు చేశాను. మీరు చెప్పిన చోట మా దుర్బిణితో వెతికాము, ఏమీ కనిపించలేదు. మీ మూడు తేదీలకూ పొంతన కుదరడం లేదు. మీ లెక్క ప్రకారం ఈ వస్తువు మొదట పరుగెత్తి, తర్వాత అలసిపోయినట్టు నెమ్మదించింది. ఇటువంటి నడక గల వస్తువును మేమింతవరకు ఎరుగం. ఈ కొలతలకు బాధ్యులెవరో దయచేసి తెలియజేయండి.

చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. “ఏందయ్యా, గ్రహం పోగొట్టిండ్రా? ఎవరు పోగొట్టిండ్రు?”

“బాధ్యులెవరని అడుగుతున్నారండి” అన్నారు ప్రిన్సిపాల్ గారు. నుదుట చెమట. “వచ్చే నెల కాలేజీకి గ్రేడింగ్ కమిటీ వస్తోందండి. దొంగ గ్రహం అని పేపర్లో పడిందంటే అంతేనండి.”

బాధ్యులు! ఆ ఒక్క మాట చేసిన పని ఏ తుఫానూ చేయలేదు. సాయంత్రంలోగా సాగర్ రోడ్డు మీది ఫ్లెక్సీ దిగిపోయింది. మర్నాడు పదింటికి నేను పదమూడు కాపీల ధ్రువపత్రం తయారు చేశాను. నా జీవితంలో అంత పకడ్బందీగా ఏదీ రాయలేదు: ‘సదరు మంచుముద్దతో గాని, దాని కక్ష్యతో గాని, దాని రాకపోకలతో గాని నాకు ఎట్టి సంబంధమూ లేదనియు, గతంలోనూ లేదనియు, ఇకమీదటా ఉండబోదనియు, చూచుట, కొలుచుట మొదలగు పనులన్నియు ల్యాబ్ టెక్నీషియన్ కరుణ ఒక్కరే చేసియున్నారనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’

పదమూడుగురూ సంతకం పెట్టారు. ఎవరూ ముందు చదవలేదు, ఎవరూ ఆలస్యం చేయలేదు. అందరికంటే ముందు పెట్టింది నేను. పదమూడూ స్కాన్ చేసి, ఇంగ్లీషులోకి మార్చి, కాలేజీ ముద్రతో అంతర్జాతీయ కేంద్రానికి ప్రిన్సిపాల్ గారే స్వయంగా పంపించారు. అప్పుడు మాత్రం ప్రాపర్ ఛానెల్ ఏదీ అడ్డం రాలేదు.

కరుణకు మెమో వెళ్లింది. తప్పుడు కొలతలతో సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయకూడదో మూడు రోజుల్లో జవాబివ్వాలి.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఓదార్చడానికి రెండు వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె నా గదికి వచ్చి, “సార్, పంపిన రిపోర్టు కాపీ ఒకసారి చూపిస్తరా? జవాబు రాయాలె గదా” అంది. మెమో అందుకున్నవారికి ఫైలు చూసే హక్కుందని రూలు. ఆ రూలు కూడా నేనే టైపు చేశాను. ఫైలు ఇచ్చాను.

మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. వేలు ఇరవై ఐదు మీద ఉంది.

“నాలుగు దినాల నడక రెండు దినాలల్ల నడిచినట్టు అయింది సార్. గందుకే వాళ్లకు దొరకలేదు. గది అక్కడనే ఉన్నది, మనమే తప్పు దారి చెప్పినం.” తర్వాత నా వైపు చూసింది. “ఈ తారీఖు ఎవరు మార్చిన్రు?”

“ఏమోనమ్మా... టైపింగులో ఎక్కడో...” అన్నాను.

ఆమె పేజీలు తిప్పుతూ పోయింది. నాలుగో జతపత్రం దగ్గర ఆగింది. విదియ, పది పదిహేను, దివ్యంగా ఉన్నది. నీలం సంతకం. ఆకుపచ్చ సంతకం. అడుగున, మార్చినది: రమాకాంత్ అని నా చక్కటి గుండ్రటి అక్షరాలు. కాగితం దేన్నీ పారేయకూడదన్న పాలసీ మీద నాకు మొదటిసారి విరక్తి పుట్టింది.

“నేను తొమ్మిదేండ్లల్ల ఒక్క నెంబరు తప్పు రాయలేదు సార్” అంది కరుణ. అరవలేదు. అరిచినా బాగుండేది. “నౌకరి పోతే పోనీ. గది మాత్రం పోవద్దు. ఇంకో నెల దాటితే ఆకాశంల అది సూర్యుని దిక్కే ఉంటది, ఏ దుర్బిణికి చిక్కదు. అసలు తారీఖు నేను పంపుత. తప్పు ఎందుకైందో వాళ్లు అడుగుతరు. గది మీరు రాయుండ్రి. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. దాదాపు వద్దు.”

రాశాను. ధైర్యంతో రాశానని చెప్పుకోవాలని ఉంది. కాని పత్రం నంబరు నాలుగు ఆమె చేతిలో ఉంది. సిగ్గు కూడా వేసింది, అదీ నిజమే. ‘మొదటి ఫోటో నాటి తేదీ అమావాస్య కావడం చేత, శుభం కొరకు రెండు రోజులు ముందుకు జరిపాము. జరిపినది రమాకాంత్ అను నేను.’ ఇంగ్లీషులో అది ఇంకా ఘోరంగా ఉంది.

ఆ మెయిల్ వెళ్లిన పదకొండో రోజు జవాబు వచ్చింది. సవరించిన తేదీతో లెక్క వేసి చూడగా, వస్తువు చెప్పిన చోట చెప్పినట్టు కనిపించింది. తాత్కాలిక నంబరు కేటాయించాము. ‘ఈ వస్తువుతో తమకెట్టి సంబంధమూ లేదని పదమూడుగురు వ్యక్తులు స్వచ్ఛందంగా లిఖితపూర్వకంగా తెలియజేశారు. మా అనుభవంలో అందరూ సంబంధం ఉందనే రాస్తారు. ఇంతటి నిజాయితీ అరుదు, వారికి మా ధన్యవాదాలు. దాని ప్రకారం కనుగొన్నవారుగా కరుణ పేరు ఒక్కటే నమోదు చేశాము.’ చివర ఇంకో వాక్యం ఉంది. ‘తేదీలు తప్పడానికి మబ్బులు, గడియారాలు, యంత్రలోపాలు కారణాలుగా మా రికార్డుల్లో ఉన్నాయి. అమావాస్య కారణం కావడం ఇదే మొదటిసారి. రమాకాంత్ అనువారి వివరణను ఫైల్లో భద్రపరిచాము.’

మెమో ఆ సాయంత్రమే మాయమైంది. ఎవరు ఇచ్చారో ఎవరికీ గుర్తు లేదు. చైర్మన్ గారు నాకు ఫోన్ చేసి, “కరుణ మన బిడ్డనే గదయ్యా! ఇంటికే పోయి మాట్లాడుదాం, నడువు” అన్నారు.

కార్తీకం వెళ్లిపోయి, తుఫాను ముసురు పట్టిన రోజది. చైర్మన్ గారు, ప్రిన్సిపాల్ గారు, నేను పట్టపగలు లైట్లు వేసుకుని శేరిగూడలో కరుణ ఇంటికి చేరాం. రెండు గదుల ఇల్లు, ముందు మేకల కొట్టం. వాన ఒక్కసారి పెరిగింది. కరుణ తల్లి నర్సమ్మ, “గిట్ల రాండ్రి, తడుస్తున్నరు” అని మమ్మల్ని కొట్టం కిందికే పిలిచింది. చైర్మన్ గారు వంగి లోపలికి వచ్చి, తల ఎత్తి, అలాగే ఉండిపోయారు.

నెత్తి మీద ఆయనే ఉన్నారు! శనిగ్రహపు రింగు మధ్య, రెండు చేతులూ జోడించి. చుట్టూ పన్నెండు గుండ్రాలు. పక్కకు వేలాడుతున్న కొసలో ఉన్న నా ముఖం మీద మేక ఒకటి మెడ రుద్దుకుంటోంది.

“రోడ్డు పక్కకు పారేస్తే తెచ్చుకున్న సారూ” అంది నర్సమ్మ. “బొమ్మలు లోపటికి పెట్టిన. పైకి పెడితే ఎండకు మీ మొఖాలు మాడిపోతయని.”

చైర్మన్ గారు నులక మంచం మీద కూర్చుని గొంతు సవరించుకున్నారు. “అమ్మా, నీ బిడ్డ మన కాలేజీ పేరు నిలబెట్టింది. మళ్ల సభ పెడుతున్నం. ఈసారి స్టేజీ మీద కుర్చీ కరుణకే.”

“మంచిది సారూ. ఒక్కటి అడుగుత, కోపం తెచ్చుకోకుండ్రి. గన్ని కోట్ల మైళ్ల దూరంల ఉన్నదాన్ని మా బిడ్డ గుర్తుపట్టింది. తొమ్మిదేండ్ల సంది మీ ఎదురుంగ తిరిగే మా బిడ్డను మీరెందుకు గుర్తుపట్టలే?”

వాన చప్పుడు గట్టిగా ఉంది కాబట్టి, వినపడనట్టు ఉండడానికి అందరికీ వీలైంది. కరుణ చాయ్ తెచ్చి ఇచ్చింది. ప్రిన్సిపాల్ గారు గ్లాసు పట్టుకుని మెల్లగా మొదలుపెట్టారు. “కరుణా, ఆ ధ్రువపత్రాలు ఏదో తొందరలో వెళ్లిపోయాయమ్మా. ఆ కేంద్రానికి మనం ఇంకో లెటర్ రాసి, పదమూడు పేర్లూ నీ పేరు కింద చేర్పిస్తే...”

“రాద్దాం సార్” అంది కరుణ వెంటనే. ఇంత సులువా అని మేము ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. ఆమె లోపలికి వెళ్లి తెల్లకాగితం, పెన్ను తెచ్చి మంచం మీద పెట్టింది. “మొదలు మేం సంతకం పెట్టింది అబద్ధం అని రాయాలె. అమావాస్యకు తారీఖు మార్చుమన్నది మేమే అని రాయాలె. కింద పదమూడు సంతకాలు. నేనే పంపుత.”

చైర్మన్ గారు పెన్ను తీసుకున్నారు. నిజంగానే తీసుకున్నారు! పేరు మీద ఆశ అంతటిది. మూత తీసి, కాగితం మీదికి వంగి, ఆగారు. తప్పించుకోవడానికి ఏదైనా ఒక అడ్డంకి దొరికితే బాగుండునన్నట్టు ఉంది ఆయన ముఖం. నా వైపు తిరిగారు.

“రమాకాంతూ, ఇయ్యాల తిథి ఏంది?”

నేను ఫోన్ తీశాను. ఆయన సంతకం పెడితే పన్నెండుగురూ పెడతారు. పదమూడు పేర్లూ లోపలికి వెళతాయి, నాది ఆ పదమూడింటిలో ఒకటి అవుతుంది. ఇప్పుడైతే ఆ అంతర్జాతీయ ఫైల్లో కరుణ పేరు తర్వాత, ఆ మంచుముద్దతో సంబంధం ఉన్నట్టు నమోదైన పేరు నాదొక్కటే. తప్పు చేసినవాడిగానే కానివ్వండి, ఉంది కదా!

“అష్టమి అండి” అన్నాను.

“అష్టమి నాడు సంతకమా!” చైర్మన్ గారు పెన్నుకు హాయిగా మూత పెట్టారు. “మంచి రోజు చూసి పెడదాం తీ.” ప్రిన్సిపాల్ గారు గట్టిగా ఊపిరి వదిలి చాయ్ పూర్తి చేశారు. వాన తగ్గింది. ఇద్దరూ కారు వైపు నడిచారు.

నేను చెప్పులు వేసుకుంటుంటే కరుణ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక గోడకు మా కాలేజీ క్యాలెండర్ వేలాడుతోంది, చైర్మన్ గారి ఫోటో ఉన్నదే. ఆనాటి గడిలో ఎర్రటి అక్షరాలతో పంచమి అని ఉంది. మంచి రోజు. ఆమె క్యాలెండర్ వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఈసారి మూడు దినాలు జరిపిన్రు సార్” అంది.